ఆటలో అరటిపండు

విత్తనాల కొట్టు మీద మేడగది మా ఆఫీసు.
ఎనిమిది కాలేజీలు, పంతొమ్మిది ఆటలు,
ఇద్దరం మనుషులం, ఒక హీటరు.
కమిషనర్ వెర్నా హూక్‌స్ట్రా కుర్చీకి దిండుంది. నా కుర్చీకి లేదు.

క్షవరం చేస్తూ అడుగుతాడు ఆర్లో,
"మెర్ల్, ఈ ఏడు చాంపియన్లెవరోయ్?"
ఏ ఆటలో, అంటాను.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం కాదు మా దగ్గర.

ఫుట్‌బాల్‌కి ఏడు శనివారాలు చాలు.
అందరూ అందరితో ఒక్కోసారి తలపడతారు,
నవంబరులో పట్టిక చూసి కప్పు ఇచ్చేస్తాం.
సరిసమానంగా నిలిస్తే ఇద్దరికీ.
రెండో కప్పు ఖర్చు వెర్నా గొణుక్కుంటూ రాస్తుంది.

బాస్కెట్‌బాల్ అలా కాదు.
చలికాలమంతా పద్నాలుగు ఆటలు, మంచులో ఈడ్చుకుపోయే బస్సులు,
తీరా అదంతా
ఎవరు ముందు ఎవరితో ఆడాలో తేల్చుకోడానికే.
ఫిబ్రవరి చివర మూడు రాత్రులు గెలిచినవాడికే పైకి దారి.
పద్నాలుగూ గెలిచి, ఆ గురువారం ఓడి,
కోచ్ డ్వేన్ రస్టాడ్ మా మెట్ల మీద కూర్చుని
వేరుశనక్కాయల సంచి ఖాళీ చేశాడు.
ఒక్క మాటా అనలేదు.
తొక్కలు నేనే ఊడ్చాను.

గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాడు గొప్ప.
ఈత పోటీల్లో కాగితాలు తడిసి అంకెలు ఉబ్బుతాయి.
సాఫ్ట్‌బాల్‌ని వాన మింగేస్తే
చుక్క తర్వాత మూడంకెల దాకా భాగిస్తూ పోవాలి,
అంత సన్నటి తేడాకి కూడా బ్యానర్ మాత్రం అంతే పొడుగు.

చిక్కుముడి పడితే విప్పడానికి నియమాలు ఎనిమిది.
తొమ్మిదోది బిళ్ళ ఎగరెయ్యడం.
నా హయాంలో ఒక్కసారే, ఏప్రిల్ రాత్రి,
ఇద్దరు కోచ్‌లూ ఫోన్లో ఊపిరి బిగబట్టి ఉండగా
వెర్నా పావు డాలరు ఎగరేసింది.
అది బల్ల మీద పడి, దొర్లి, హీటరు కిందకి పోయింది.
బొమ్మో బొరుసో
నేను నేల మీద బోర్లా పడుకుని చూసి చెప్పాను.
నా మాటే చాంపియన్‌షిప్. ఆ సంగతి ఆర్లోకి చెప్పలేదు.

ఇక పరుగు.
అక్టోబరు ఆఖరు శనివారం, మొక్కజొన్న కోసేసిన చేలగట్లు,
పందుల ఫారం మీంచి గాలి.
జట్టుకి ఏడుగురు పరిగెడతారు, అయిదుగురి స్థానాలే కూడతాం.
తక్కువ మొత్తం ఎవరిదైతే వాళ్ళదే కప్పు.
ఆరో పిల్ల, ఏడో పిల్ల
ఆటలో అరటిపండ్లు.

బెల్ క్రీక్: రెండు, అయిదు, తొమ్మిది, పదమూడు, పద్దెనిమిది.
హాల్వర్‌సన్: ఒకటి, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై.
కూడాను. మళ్ళీ కూడాను. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
ఇటు నలభై ఏడు, అటు నలభై ఏడు.

వెర్నా పుస్తకం తియ్యలేదు. ఆమెకి కంఠతా వచ్చు:
"ఆరో వాళ్ళని చూడు."

బెల్ క్రీక్ ఆరో పిల్ల బ్రిటా క్లూస్టర్, ముప్పై ఒకటి.
హాల్వర్‌సన్ ఆరో పిల్ల జోయెల్ ట్వేట్, ముప్పై రెండు.
ఆఖరి పాతిక అడుగుల్లో దాటిందట.
వెతికి పట్టుకుని అడిగాను, ఎందుకంత పరిగెత్తావని.
"గీత అవతల దుప్పట్లు కనిపించాయి" అంది.
పళ్ళు టకటకలాడుతున్నాయి.
"ఏం, తప్పా?"

కాదని చెప్పేలోగా వాళ్ళ జట్టు వచ్చి మీద పడింది.
ఎందుకు అరుస్తున్నారో ఆమెకి ఇంకా తెలీదు,
దుప్పటి జారిపోతుందని రెండు చేతులా పట్టుకుంది.
తాడుకి అటువైపు జోయెల్
మోకాలికంటిన బురద గోటితో గీకుతోంది, తీరిగ్గా.
ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నా రిజిస్టర్లో గడులు అయిదే.
ముప్పై ఒకటి, ముప్పై రెండు
అంచున రాశాను, పెన్ను గడ్డకట్టుకుపోతే పెన్సిలుతో.
సోమవారం సిరా పెట్టమంది వెర్నా.
ఇంకా పెట్టలేదు.